రహస్య తల్లి

ఏడిస్తే డబ్బులిస్తారని పెళ్లయిన ఐదేళ్లలో సుజనకు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే అంత ఏడుపు ఊరికే పారబోసుకునేది కాదు. కలకత్తా ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో ఒంటిగది ఇల్లు, డాక్‌లో సరుకు దించే మొగుడు ఉమామహేశ్, మూడేళ్ల కూతురు చిన్మయి, ఏడు నెలల కొడుకు బన్నీ. పక్కపేట మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో గుండీలు కుట్టేది. అలాంటి మనిషికి ఓ పెద్ద వైద్య కళాశాలలో, ఏసీ గదిలో, మెత్తటి కుర్చీలో కూర్చుని ఏడ్చే ఉద్యోగం దొరికింది.

ఇచ్చింది ప్రొఫెసర్ త్యాగరాజు గారు. ఆర్‌ఎస్‌వి అనే వైరస్ ఏటా దుర్గాపూజలు అయ్యీ అవగానే పసిపిల్లల ఊపిరితిత్తుల్లో దూరి డొక్కలెగరేస్తుంది. దాన్ని తగ్గించే పని వేరే డాక్టర్లది. ఆ సంగతి తల్లితో ఎంత మృదువుగా మాట్లాడాలో కుర్ర డాక్టర్లకు నేర్పడం త్యాగరాజు గారి పరిశోధన. దానికి పరాయి దేశపు ధర్మసంస్థ ఒకటి మూడేళ్లకు నిధులిచ్చింది. పరిశోధన పేరు ‘శిశు శ్వాసకోశ వైరస్ వ్యాధి విషయమై వైద్య విద్యార్థులలో సహానుభూతిపూర్వక సంభాషణా నైపుణ్యాల అభివృద్ధి’. దీన్ని ఒక్క గుక్కలో చదివితే ఆ జబ్బు ఎలా ఉంటుందో ఎవరికైనా తెలిసొస్తుంది.

తల్లి వేషానికి మొదట నాటక సమాజాల నుంచి నటీమణులను పిలిపించారు. కలకత్తాలో నటులకేం కొదవ? ఒకావిడ ఏడుపుకు డాక్టర్లే ఏడ్చి పరీక్ష మరిచిపోయారు. ఇంకొకావిడ ఆ పిల్లవాడి తండ్రి ఎలాంటివాడో చెబితే తప్ప నోరు విప్పనంది. ఆ విసుగులో ఉండగానే ఉగాది నాడు తెలుగువాళ్ల కలయికలో సుజన మాటలు ప్రొఫెసర్ గారి చెవిన పడ్డాయి. కిందటేడు చిన్మయికి ఇదే జబ్బు వచ్చినప్పుడు రొమ్ము కింద ఎలా గుంట పడేదో పక్కావిడకు చెబుతోంది. ఆయన చేతిలోని పచ్చడి గిన్నె పక్కన పెట్టి, ‘‘అమ్మా, ఇదే మాట మళ్లీ మళ్లీ చెప్పగలవా?’’ అని అడిగారు.

చెప్పగలనంది. ఆరు నెలల్లో ఎనభై ఆరుగురు డాక్టర్లకు చెప్పింది. ఒళ్లో తువ్వాలులో చుట్టిన రబ్బరు బొమ్మ ఉండేది. డాక్టరు లోపలికి వచ్చి పలకరించి, పేరు చెప్పి, ఆవిడ కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చుని, ఓపికగా వినాలి. చివరికి చేయి చాస్తే సుజన ఒక కార్డు ఇచ్చేది. బొమ్మకు ఊపిరి ఎన్నిసార్లో, ఆక్సిజన్ ఎంతో అందులో రాసుండేది. బొమ్మను ముట్టుకోనవసరం లేదు. బొమ్మ విలువైనది, ముట్టుకుంటే అరుగుతుంది.

కిందన పిల్లల వార్డులో మాత్రం ఆక్సిజన్ చూసే చిన్న మీటర్లు రెండే ఉండేవి. అందులో ఒకటి పనిచేసేది కాదు. ఆ నిధుల్లోంచి ఒకటి కొనమని నర్సు అడిగితే, ఇవి చదువుకిచ్చిన నిధులు తల్లీ, చికిత్సకు కావు అని త్యాగరాజు గారు ఎంతో సహానుభూతితో చెప్పి పంపారు.

పూజలకు ముందు ఆయనకు మరో ఆలోచన వచ్చింది. పరీక్ష అని తెలిస్తే ఎవరైనా మర్యాదగా ఉంటారు. తెలియనప్పుడు కదా అసలు రంగు బయటపడేది. అందుకని రాబోయే మూడు నెలల్లో ఏ రోజైనా, ఏ వేళైనా ఓ ‘రహస్య తల్లి’ బొమ్మనెత్తుకుని ఎమర్జెన్సీకి వస్తుందని, గది కెమెరాలో మార్కులు పడతాయని డాక్టర్లందరికీ ఉత్తరం పంపారు. పరీక్ష రహస్యమని ముందే చాటించి మరీ చెప్పడం ఆయనకే చెల్లింది.

దీపావళి నాటి కాళీపూజ మర్నాడు పొద్దున్న బన్నీ పాలు వదిలేశాడు. రెండు రోజులుగా జలుబే కదా అనుకున్న సుజన వాడి చొక్కా ఎత్తి చూసేసరికి రొమ్ము కింద గుంట పడుతోంది. ఊళ్లో ఇంకా దగ్గర ఆసుపత్రులున్నాయి. కానీ ఆమె టాక్సీ ఎక్కి తిన్నగా తన కళాశాలకే వెళ్లింది. ‘మీ బాధ నాకు అర్థమవుతోంది’ అని ఎనభై ఆరుగురు చెప్పిన చోటికి కాక ఇంకెక్కడికి పోతుంది?

ఎమర్జెన్సీలో ఉన్నది డాక్టర్ దేబార్ఘ్య. ఎనభై ఆరుగురిలో పంతొమ్మిదో వాడు. సుజనను చూడగానే అతని మొహం వెలిగిపోయింది. ఒక్కసారి పైనున్న కెమెరా వంక చూసి, చొక్కా సర్దుకున్నాడు.

‘‘నమస్కారం దిది. నా పేరు డాక్టర్ దేబార్ఘ్య. ముందు మీరు కూర్చోండి’’ అన్నాడు బెంగాలీలో. స్టూలు లాక్కుని ఆమె కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చున్నాడు.

‘‘రెండ్రోజుల్నుంచి జలుబు. పొద్దున్నుంచి పాలు ముట్టలేదు. ఊపిరి తీస్తే పక్కటెముకల కింద గుంట పడుతోంది’’ అంది సుజన, తనూ బెంగాలీలోనే. అన్నాక గాని ఆమెకు తట్టలేదు. అవి అక్షరం పొల్లుపోకుండా వేషంలో చెప్పే మాటలే. నిజానికి వేరే మాటలేవీ ఆమె దగ్గర మిగల్లేదు.

‘‘చాలా వివరంగా చెప్పారు. మీ ఆందోళన నాకు అర్థమవుతోంది.’’

‘‘నాటకం కాదు డాక్టర్‌బాబు. ఇవాళ నిజం. వీడు నా కొడుకు.’’

‘‘అవును దిది, తల్లికి అలాగే ఉంటుంది’’ అన్నాడు దేబార్ఘ్య, తల కాస్త పక్కకు వాల్చి. ఆవిడ నటన బాగా మెరుగుపడిందని ముచ్చటపడ్డాడు కూడా. ఒళ్లోని దుప్పటి మూట ఉలకలేదు, పలకలేదు. బొమ్మ ఏడవదు. ఏడ్చే ఓపిక లేని పిల్లవాడూ ఏడవడు.

సుజన పిల్లవాణ్ణి చూడమంది. చూద్దాం, ముందు ఇంట్లో పొగతాగేవాళ్లెవరైనా ఉన్నారా అన్నాడు. బతిమాలింది. బతిమాలుతుంటే మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. మంచినీళ్లు కావాలా అన్నాడు. గోడ గడియారంలో పెద్దముల్లు మూడు అంకె దగ్గర్నుంచి అయిదు దాటింది. చివరికి అతను చిరునవ్వుతో చేయి చాచి, ‘‘కార్డు?’’ అన్నాడు.

ఆ చాచిన చేతిలో సుజన బన్నీని పెట్టేసింది.

దుప్పటి జారింది. వేడిగా, బరువుగా, నీలం తిరిగిన పెదవులతో ఓ ప్రాణం అతని అరచేతుల్లో ఎగిరెగిరి పడుతోంది. దేబార్ఘ్య మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. స్టూలు తన్నేసి, అడ్డొచ్చిన వార్డుబాయిని తిట్టి, సుజనను భుజంతో నెట్టి, ఆక్సిజన్ ఆక్సిజన్ అని అరుస్తూ లోపలికి పరిగెత్తాడు. అందులో సహానుభూతి ఇసుమంత లేదు. అప్పటికి గాని వీడు డాక్టరేనని సుజనకు నమ్మకం కలగలేదు.

మూడు రోజులు బన్నీకి ఆక్సిజన్ పెట్టారు. నాలుగో రోజు పాలు తాగాడు. ఊపిరి వేగం పెరిగితే వెంటనే కేకెయ్యమని నర్సు సుజనకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పింది. ఆమె అదే పనిగా లెక్కపెడుతూ కూర్చుంది. దేబార్ఘ్య రోజూ వచ్చేవాడు గాని తలెత్తి ఆమెను చూసేవాడు కాదు.

అయిదో రోజు త్యాగరాజు గారు ఒక కాగితంతో మంచం దగ్గరకు వచ్చారు.

‘‘జరిగినదానికి నాకు చాలా బాధగా ఉందమ్మా’’ అన్నారు, తల పదిహేను డిగ్రీలు పక్కకు వాల్చి. ‘‘ఏం లేదు, చిన్న పని. ఆ రోజు కెమెరాలో అంతా రికార్డయింది. తల్లి ఇవ్వాల్సిన మార్కులొక్కటే ఖాళీగా ఉన్నాయి. ఇలాంటి సహజమైన సందర్భం మళ్లీ దొరకదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు. పలకరించాడా?’’

‘‘పలకరించాడండి.’’

‘‘తన పేరు చెప్పాడా?’’

‘‘సెప్పాడు.’’

‘‘నీకు సమానమైన ఎత్తులో కూర్చున్నాడా?’’

‘‘కూకున్నాడు.’’

‘‘మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడా?’’

‘‘ఇన్నాడు బాబూ. పదకొండు నిమిషాలు ఇన్నాడు.’’

గడులన్నీ నిండాయి. ఇరవైకి ఇరవై. ఇప్పటివరకూ ఎవరికీ రాలేదట. త్యాగరాజు గారి కళ్లు చెమర్చాయి. రెండో విడత నిధులకు దీన్ని మించిన రుజువు ఏముంటుంది? సంతకం పెట్టమని కలం అందించారు.

‘‘పిల్లోడి మీద సెయ్యేసి సూసేడా అని ఒక్క గడీ నేదేటి సార్?’’

‘‘అది వైద్య నైపుణ్యం కిందికి వస్తుందమ్మా. మనకు నిధులిచ్చింది సంభాషణకు. ఆ ప్రశ్న అడిగే అధికారం మనకు లేదు.’’

సుజన కలం పుచ్చుకోలేదు. జరిగి మంచం మీద చోటిచ్చింది. ‘‘మీరూ డాక్టరే కదా సార్. ఓ నిమిషం ఈడి ఊపిరి లెక్కెట్టండి. తరవాత సంతకం సంగతి సూద్దాం.’’

త్యాగరాజు గారు పసిపిల్లవాణ్ణి ముట్టుకుని పదిహేడేళ్లయింది. అటూ ఇటూ చూశారు. పక్క మంచాల తల్లులందరూ ఇటే చూస్తున్నారు. కాగితం కింద పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ బన్నీ పొట్ట మీదికి వంగారు. పక్కనుంచి సుజన కూడా పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. నిమిషం అయ్యాక నడుం పట్టుకుని లేచారు.

‘‘ముప్పై ఒకటి’’ అన్నారు.

‘‘నలభై రెండు’’ అంది సుజన. ‘‘మళ్లీ లెక్కెట్టండి.’’