నమిలే చప్పుడు

"అమ్మా, చప్పుడు రావడం లేదు. ఇంకొక్కసారి." పై గదిలో కూర్చున్న డైరెక్టర్ గొంతు స్పీకర్లోంచి వినిపించింది.

చిగుసా ముందు తొమ్మిదో గిన్నె అన్నం పెట్టారు. కాల్చిన చేప మార్చారు. చిన్న పళ్ళెంలో ఊరవేసిన ముల్లంగి ముక్కలు, పచ్చగా మెరుస్తున్నవి, కొత్తగా నాలుగు సర్దారు. లైట్ల వేడికి చేప నూనె వాసన సెట్టంతా కమ్ముకుంది.

గురువారం రాత్రి ఎనిమిదింటికి దేశమంతా చూసే ఆ సీరియల్‌లో ఆమె పదకొండేళ్ళుగా తల్లి. ఇవాళ ఆఖరి భాగం తీస్తున్నారు. చిన్న కూతురు కూడా పెళ్ళయి వెళ్ళిపోయాక తల్లి ఒంటరిగా భోజనానికి కూర్చుంటుంది. ఆ ఇంట్లో ఆమె ముల్లంగి కొరికిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకూడదు. చప్పుడు తర్వాత అతికిస్తే ఒప్పుకోనని, ఆమె మొహం మీదే రావాలని, ఈ మధ్యే వచ్చిన కుర్ర డైరెక్టర్ పట్టుబట్టాడు.

అతనికి ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఆ తల్లి టీవీలో నమిలిన ప్రతి ముక్కా నిజానికి హిరొసె నమిలిందే. హిరొసె సౌండ్ మనిషి. తన చిన్న గదిలో తెర ముందు కూర్చుని, ఆమె దవడ కదిలినప్పుడల్లా మైకు దగ్గర కరకరా కొరికేవాడు. అది విని ఊళ్ళలో ఆడవాళ్ళు ఉత్తరాలు రాసేవాళ్ళు, మీరు తింటుంటే మాకు ఆకలేస్తుందమ్మా అని.

చిగుసా ముక్కను ముందు పళ్ళతో పట్టుకుని లోపలికి తోసింది. గట్టిగా నొక్కింది. కట్టుడుపళ్ళ పలక జారి, దాని అంచు పంటి చిగుళ్ళలో దిగింది. అన్నం గిన్నె మీద ఎర్రటి చుక్క పడింది.

"కట్, కట్! అరగంట విరామం. నాలుగింటికి పత్రికలవాళ్ళు వస్తారు. ఆ లోపు ఇది అయిపోవాలి!"

మేకప్ గదిలో తొకుయొ గోరువెచ్చని ఉప్పునీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉంది. జుట్టు దువ్వే మనిషి, అరవై దాటింది. ఇద్దరిదీ ఒకే కొండ ప్రాంతం. ఒకే పట్టు మిల్లులో ఉడుకునీళ్ళలోంచి దారం తీసినవాళ్ళు. గది తలుపు మూస్తే చాలు, ఇద్దరి నోట్లోకీ ఆ కొండ యాస వచ్చేస్తుంది.

"ఒలే ఫుకీ, నోరు తెరు. ఏటే ఇది, ఇంత కోసుకుపోనాది! ఆ కుర్రోడికి బుద్ధి లేదేటి? నువ్వైనా సెప్పొచ్చు కదే, నాకు పళ్ళు లేవు బాబూ అని."

"సెప్తే? రేపు పేపర్లో ఏస్తారు. పెద్దాయన నన్ను పాతరేస్తాడు."

"ఏస్తే ఏస్తాడు. సగం పాతరేసే ఉంచాడు కదే నిన్ను."

ఫుకి నీళ్ళు పుక్కిలించి ఊసింది. తొట్టిలో గులాబీ రంగు సుడి తిరిగి పోయింది.

ఫుకి అనేది ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు. చిగుసా అనేది పెద్దాయన, అంటే కురొయివ, పెట్టిన పేరు. ఆమె పదహారేళ్ళప్పుడు, యుద్ధం అయిన ఆరో ఏట, మిల్లు వార్షికోత్సవంలో పాట పాడితే చూసి తీసుకెళ్ళాడు. అంతకుముందు ఊరూరా నాటకాలాడే జట్టుకు పెద్ద అతను. సినిమాలకు మనుషుల్ని పంపే కంపెనీ అప్పుడే పెట్టాడు. ఆమె గడ్డం కింద వేలు పెట్టి మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కళ్ళు బాగున్నాయి. దవడలే పల్లెటూరివి. వెనక నాలుగు పళ్ళు తీయిస్తే బుగ్గలు లోపలికి పోతాయి."

పైన రెండు, కింద రెండు. పుచ్చు లేని పళ్ళు. మిల్లు తిండి తిని, పచ్చి ముల్లంగి కొరికి పెరిగిన పళ్ళు. పంటి వైద్యుడు కూడా తట్టి చూసి, "ఇవి మంచివేనండీ" అన్నాడు. "మీ పని మీరు చూడండి" అన్నాడు కురొయివ. ఆ వైద్యుడి ఖర్చు ఆమె జీతంలోంచే కోసుకున్నాడు.

కాగితంలో చుట్టిన ఆ నాలుగింటినీ ఫుకి ఊరికి పట్టుకెళ్ళింది. వాళ్ళమ్మ వాటిని అందుకుంది. పాలపళ్ళు ఊడినప్పుడు చేసినట్టే, కింది పళ్ళు రెండూ ఇంటి కప్పు మీదికి విసిరింది, పై పళ్ళు రెండూ అరుగు కిందికి. మంచి పళ్ళు మళ్ళీ రావాలని పిల్లల కోసం అనే మాటలు కూడా అంది. అని లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రోజంతా బయటికి రాలేదు.

బుగ్గలు లోపలికి పోయాయి. ఇరవై నాలుగు సినిమాలు వచ్చాయి. పక్క పళ్ళకు ఆనుకునే తోడు పోయి, వంగి, కదిలి, ఒక్కొక్కటే ఊడాయి. ముప్ఫై రెండేళ్ళకే పైనా కిందా పలకలు వచ్చాయి, తల్లి వేషాలు వచ్చాయి.

ప్రతి కొత్త సంవత్సరం మొదటి రోజున కురొయివ ఇంట్లో చాప మీద నుదురు ఆనించి దణ్ణం పెట్టాలి. అతనికి డెబ్బై దాటింది, ఒక్క పన్ను కూడా పోలేదు. ఆ సంగతి అతనికి గొప్ప. ఎండు చేప ముక్కలు చేత్తో చించడు, పళ్ళతో పీకుతాడు. వంచిన తల కింద నుంచి ఫుకి ఆ పళ్ళు లెక్కపెట్టేది. ఏటా లెక్కపెట్టింది. ఏ ఏడూ ఒక్కటీ తగ్గలేదు. తగ్గితే తనకు ఈ కోపం కాస్త చల్లారేదేమో. తగ్గకపోవడమే మంచిదయింది.

తలుపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. జవాబు కోసం ఆగకుండా కురొయివ లోపలికి వచ్చాడు. వెనకాల పద్దెనిమిదేళ్ళ తొషిమి, లేత నీలం కిమోనోలో, నడుముకు పట్టీ ఊపిరాడనంత బిగించి.

"ఏం చిగుసా, చిన్నపిల్లలా అన్నం మీద నెత్తురు కక్కావట?" అని నవ్వాడు. "సరేలే. నాలుగింటికి ఏమనాలో గుర్తుంది కదా?"

"ఉందండి."

"ఒకసారి అను."

"ఇరవై ఏడేళ్ళు నన్ను తండ్రిలా పెంచిన కురొయివ గారి అనుమతితో, చిగుసా అనే ఈ పేరును తొషిమికి అప్పగిస్తున్నాను. నన్ను ఆదరించినట్టే ఈమెనూ ఆదరించండి."

"బాగుంది. 'తండ్రిలా' దగ్గర గొంతు కాస్త వణకాలి. ఆ తర్వాత పేరుకు గుర్తుగా నీ నడుముకున్న విసనకర్ర అమ్మాయి చేతికివ్వాలి."

పేరు చేతులు మార్చే ఆచారం అతని నాటకాల రోజులది. ఆ పేరు మోస్తున్న మనిషి బతికుండగా, ఆమె నోటితో అనకుండా పేరు తీసుకుంటే ఆ పేరు నిలవదని రంగస్థలం మనుషుల నమ్మకం. అతను ఏ దేవుడినీ నమ్మడు గానీ దీన్ని నమ్ముతాడు. పత్రికలవాళ్ళూ నమ్ముతారు. సీరియల్‌కు డబ్బు పెట్టే సబ్బుల కంపెనీ అప్పుడే రెండో చిగుసా పేరు మీద గోడ బొమ్మలు అచ్చువేయించింది.

"మరి నా సంగతి?" అంది ఫుకి.

"ఏప్రిల్‌లో కొత్త సీరియల్, నానమ్మ వేషం. మూడేళ్ళ కాగితం. కొత్త పేరేదో చూద్దాం. నువ్వా మాటలు అనగానే సంతకం పెడతాను." అద్దంలో తన టై సర్దుకున్నాడు. "అనకపోతే నువ్వుంటున్న ఇల్లు కంపెనీది. పేరు కంపెనీది. ఒంటిమీది బట్ట తప్ప నీదేముంది? అంటావులే. నీకు పొగరు ఎప్పుడూ లేదు. అదే నీలో మంచి గుణం."

పోతూ పోతూ తొషిమి గడ్డం కింద వేలు పెట్టి మొహం వెలుగు వైపు తిప్పాడు.

"చూడు చిగుసా, నీ దవడే. రేపు పదింటికి రమ్మన్నాడు డాక్టర్. నాలుగే. ఏం కాదని కాస్త ధైర్యం చెప్పు."

తలుపు మూసుకుంది. తొకుయొ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

తొషిమి గోడకు అతుక్కుని నిలబడింది. "అక్కా, నొప్పి ఉంటుందా?"

"నాలుగు రోజులు ఉంటుంది."

"అంతేనా?" ఊపిరి వదిలింది. "అయితే పర్లేదు. మా ఊళ్ళో మంచు తవ్వితే నడుం వారం రోజులు నొప్పెడుతుంది. మరి తర్వాత తినడం మామూలుగానే ఉంటుందా? టీవీలో మీరు ఎంత బాగా తింటారో! మా అమ్మమ్మ మీ చప్పుడు వింటూనే అన్నం తినేది."

ఫుకి అద్దం వదిలి ఆ పిల్ల వైపు తిరిగింది.

"నువ్వు ఎప్పుడు తిన్నావు?"

"నిన్న మధ్యాహ్నం. పట్టీ బాగా కూర్చోవాలని ఇవాళ వద్దన్నారు."

"ఒలే తొకుయొ, పిల్లను తీసుకెళ్ళి మంచినీళ్ళియ్యి," అంది ఫుకి. వేరే మనిషి ఉండగా ఆ యాస బయటికి రావడం ఇదే మొదటిసారి. తొషిమి కళ్ళు పెద్దవి చేసింది.

సెట్లో హిరొసె ఆమెకోసం కాచుకుని ఉన్నాడు. బట్టతల మీద చెమట.

"అమ్మా, ఆ కాగితపు తలుపు వెనక నేను కూర్చుంటా. మైకూ నా దగ్గరే. మీరు దవడ కదపండి చాలు, కొరకడం నాకొదిలేయండి. ఆ కుర్రాడికేం తెలుస్తుంది?"

"మీ పళ్ళు అరిగిపోయాయేమో నా వల్ల."

"రెండు అరిగాయి. సంతోషంగానే అరిగాయిలెండి."

పదో గిన్నె. ఆమె కొరికినట్టు కొరికింది. తలుపు వెనక హిరొసె కొరికాడు. ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు మోగింది. పైనుంచి డైరెక్టర్ కేకేశాడు. "అదీ! అదే కావాలి నాకు! అయిపోయింది, ఆఖరి షాట్ అయిపోయింది!"

అందరూ చప్పట్లు కొట్టారు. లైట్లు మోసేవాళ్ళు, కాఫీ ఇచ్చేవాళ్ళు, ఆమె సీరియల్ కూతుళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. పత్రికలవాళ్ళను లోపలికి వదిలారు. ఆఖరి షాట్ అయ్యాక నటికి పూలివ్వడం, ఆమె నడుము వంచి అందరి దయ అనడం ప్రతి స్టూడియోలోనూ జరిగేదే. గులాబీల కట్ట పట్టుకుని కురొయివ ముందుకొచ్చాడు. పక్కన తొషిమి. భోజనం బల్ల మీద తినని అన్నం, ముల్లంగి పళ్ళెం అలాగే ఉన్నాయి.

ఫుకి పూలు తీసుకుంది. నడుము వంచలేదు.

ఫోటోలవాళ్ళు ఒకసారి కెమెరాలు దించి మళ్ళీ ఎత్తారు. కురొయివ చిరునవ్వు చెక్కు చెదరకుండా, పెదవులు కదపకుండా అన్నాడు. "తండ్రిలా."

ఆమె పూలు బల్ల మీద పెట్టింది. చేతులు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. కంటతడేమో అనుకున్నారు. పై పలక తీసింది. కింది పలక తీసింది. పూలిచ్చి ఖాళీ అయిన అతని అరచెయ్యి ఇంకా చాపినట్టే ఉంది. ఆ రెండూ అందులో పెట్టింది.

దేశమంతా ఎరిగిన తల్లి మొహం ఒక్కసారిగా కుప్పకూలింది. బుగ్గలు అతుక్కుపోయి, పెదవులు లోపలికి ముడుచుకుని, నలభై మూడేళ్ళ ఆడమనిషి ఎనభై ఏళ్ళ ముసలిదైంది. ఎవరో చిన్నగా అరిచారు. పైనుంచి డైరెక్టర్ "మైకు, మైకు కట్టెయ్!" అన్నాడు. హిరొసె పొడుగు కర్రకు కట్టిన మైకును పైకెత్తలేదు. ఇంకాస్త కిందికి, ఆమె నోటి ముందుకు దించాడు.

"నా పేరు ఫుకి," అంది ఆమె. మాటలు చిగుళ్ళ మధ్య నానిపోయి వస్తున్నాయి. అయినా ప్రతి ముక్కా స్పీకర్లలోంచి వినపడింది. "నాది కొండల్లో ఊరు. పదారేళ్ళప్పుడు ఈ పెద్దాయన నా పళ్ళు నాలుగు పీకించాడు. బుగ్గలు బాగోలేవని. మిగతాయి వాటెనకే పోనాయి. నా పేరు పోనాది, నా యాస పోనాది, పళ్ళు పోనాయి. ఇన్నాళ్ళూ మీరు ఇన్న సప్పుడు నాది కాదు. రేపు పదింటికి ఈ పిల్ల పళ్ళు పీకుతారంట. ఆ ముక్క మీరు రాసుకోండి, టైముతో సహా. సిగుసా అన్న పేరు నా నోట ఈ పిల్లకి ఇవ్వను. నా నోరు ఇప్పుడు ఆయన సేతిలో ఉంది. కావాలంటే దాంతోనే పలికించుకోమనండి."

ఫ్లాష్‌లు ఒక్కసారిగా గుప్పుమన్నాయి.

"చిగుసా, నీకు మతి పోయింది," అన్నాడు కురొయివ. చెయ్యి మూద్దామంటే తడి. పారేద్దామంటే కెమెరాలు. "ఇల్లు ఈ రాత్రికే..."

"పొద్దున్నే కాళీ సేసేసినాను. మూట తొకుయొ గదిలో ఉంది."

"అయ్యా, ఇటు చూడండి! చెయ్యి కాస్త పైకి, ఇంకాస్త పైకి!" ఫోటోలవాళ్ళు అరుస్తున్నారు.

ఫుకి తన నడుముకు దోపిన విసనకర్ర తీయలేదు. బల్ల మీది ముల్లంగి పళ్ళెం అందుకుని తొషిమి ముందుకు చాపింది.

"తిను. ఆకలిగా ఉన్నావు కదే."

"తొషిమీ, ఇలా రా," అన్నాడు కురొయివ.

ఆ పిల్ల అతని మొహం వైపు చూడలేదు. అతని అరచేతిలోకి చూసింది. అందులో గులాబీ రంగు చిగుళ్ళు, వరసగా తెల్లటి పళ్ళు, ఒక అంచున ఆరని నెత్తురు.

హిరొసె మైకు మెల్లగా ఆమె వైపు జరిగింది.

తొషిమి ఒక ముక్క తీసుకుంది. వెనక పళ్ళ మధ్య పెట్టుకుంది. కొరికింది.

కరక్కున మోగింది స్టూడియో అంతా. హిరొసె కొరికిన ఏ చప్పుడూ ఇంత గట్టిగా లేదు. తొషిమి నమిలింది, మింగింది, మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టింది.