ముందు ఎవరు నిద్రపోతారు

ఆసుపత్రిలో మూడో మంచం దగ్గర ఆయా వంగి, ముసలి డ్రైవరును పక్కకు ఒత్తిగిల్లజేసి, తడిగుడ్డతో వీపు తుడుస్తోంది. లారీ దిగి చాలా ఏళ్లయినా ఆయన కుడికాలు బ్రేకు తొక్కినట్టు ఉండుండి అదురుతుంది.

"కథెప్పుడమ్మాయ్?" అన్నాడు గోడకేసి చూస్తూనే. కట్టుడు పళ్లు నోట్లో ఉంటేనే ఆయన మాట తెలుస్తుంది.

"ముందు పని కానియ్యి బాబాయ్. కథెక్కడికీ పారిపోదు."

అట్ట ఊడిపోయిన పాత పత్రికలో దొరికిందా కథ. ఎక్కడో పడమటి దేశంలో, జనం గుర్రాల మీద తిరిగే కాలం నాటిది. ఇద్దరు పగవాళ్లు మంచుతుఫానులో ఒకే గుడిసెలో చిక్కుకుంటారు. మధ్యలో బల్ల మీద ఒకటే తుపాకీ. ఎవడి కన్ను ముందు మూతపడితే వాడి పని అయిపోయినట్టే. నిన్న సరిగ్గా అక్కడికొచ్చేసరికి సిస్టరు పిలిచింది. రాత్రంతా డ్రైవరుకి నిద్రపట్టలేదట.

ఆయా మాట చెవిన పెట్టినవాళ్లు తక్కువ. ఇంట్లో మొగుడు టీవీ మీంచి చూపు తిప్పకుండా "ఊ" అంటాడు. కొడుకు "సరేలేమ్మా" అని ఫోను పెట్టేస్తాడు. వార్డులో ఆమెకు వినిపించేవి పిలుపులే. బడిలో ఒకసారి పాఠం పైకి చదివితే పంతులమ్మ మెచ్చుకుంది. ఆ తరువాత పెళ్లి, పిల్లాడు, ఫినాయిలు బకెట్లు. డ్రైవరు అడిగి చదివించుకునేదాకా తనకొక గొంతుందన్న సంగతే ఆమె మరిచిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టూలు లాక్కుని కూర్చుంది. కాలికి కట్టుతో పక్కమంచం మీదున్న మేస్త్రి రేడియో కట్టేశాడు. సిస్టరు కూడా ఏదో రాసుకుంటున్నట్టు గుమ్మంలో నిలబడింది.

ఆయా చదువుతోంది. గుడిసెలో పొయ్యి ఆరిపోయింది. ఒకడి తల వాలింది, ఉలిక్కిపడి లేచింది. రెండోవాడి చెయ్యి బల్ల మీద వేలెడంత ముందుకు జరిగింది. వార్డులో దగ్గు కూడా వినబడడం లేదు.

డ్రైవరు వేళ్లు మంచం కమ్మీ మీద టకటకా కొట్టాయి.

"వస్తున్నా బాబాయ్, తొందరపడకు," అంది పేజీలోంచి తలెత్తకుండా.

అందరూ నవ్వారు. టకటక ఎక్కువైంది. ఆమెకు ఒళ్లు పులకరించింది. కావాలనే గొంతు తగ్గించి, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, ఇంకాస్త ఊరించింది. కాసేపటికి కమ్మీ మీద చప్పుడు ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి వింటున్నాడనుకుంది.

చివరికి మెలకువగా ఉన్నవాడు తుపాకీ అందుకున్నాడు. నిద్రపోతున్నవాడిని చాలాసేపు చూశాడు. తలుపు తీసి, తుపాకీని మంచులోకి విసిరేసి, వచ్చి తనూ కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ," అన్నాడు మేస్త్రి.

మెప్పు కోసం ఆయా డ్రైవరు వైపు తిరిగింది. ఆయన నోరు తెరుచుకుని ఉంది. కళ్లు ఆమె మీదే ఉన్నాయి. చెయ్యి కమ్మీ మీంచి జారి వేలాడుతోంది.

సిస్టరు పరుగెత్తింది. డాక్టరు వచ్చి రొమ్ము నొక్కీ నొక్కీ ఊరుకున్నాడు.

సాయంత్రం కూతురొచ్చింది. ఏడ్చి, కాస్త తేరుకున్నాక అడిగింది. "చివర్లో నాన్న ఏమైనా అడిగాడా అక్కా?"

"లేదమ్మా. కథ వింటూ వింటూ నిద్రపోయినట్టే పోయాడు."

కూతురు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చదువుతుంటే ప్రాణం లేచొస్తుందనేవాడు."

ఆయా చేతులు వెనక్కి లాక్కుంది. ఫినాయిలు వాసనమ్మా, అని గొణిగింది.

వాళ్లు వెళ్లిపోయాక మేస్త్రి మెల్లగా అన్నాడు. "మేమందరం కూడా నవ్వాం కదా అక్కా."

"మీకు కనబడదు. పక్కనున్నది నేను."

మూలమంచం మీదున్న ఇంకో రోగికి ఇదేమీ పట్టలేదు. "అవునూ, వాడు తుపాకీ ఎందుకు పారేసినట్టు?" అన్నాడు.

ఆమె చెప్పబోయింది. గొంతు దానంతటదే తగ్గి, తియ్యగా, ఊరించేలా పైకొచ్చింది. అది తన చెవినే పడేసరికి సిగ్గుతో ముఖమంతా మండింది. నోరు మూసుకుని మూడో మంచం దుప్పటి లాగడానికి వెళ్లింది.

కూతురు అన్నీ సర్దుకుపోయింది. మంచం పక్కన గిన్నెలో, మధ్యాహ్నం ఆయాయే తీసి కడిగి నీళ్లలో వేసిన ఆయన కట్టుడు పళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.