శుభ్రం అని నాకు పేరు పెట్టారు

నేను ఒక ప్రాంప్టును. ఆ మాట వినగానే మొహం చిట్లించకండి, అర్థమయ్యేలానే చెబుతాను. కోడు రాసిపెట్టే ఏఐ సహాయకుడు ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఉన్నాడు కదా. పని మొదలుపెట్టే ముందు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో వాడికి చెప్పే సూచనల మూటను నేను. ఒకసారి రాసి పెట్టుకుంటే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. నాకు ఇనుము లేదు, చెక్క లేదు, తుప్పు పట్టే భాగ్యం కూడా లేదు. ఉన్నవల్లా వాక్యాలే. ఇప్పుడు వాటికి తోడు కోపం ఉంది.

నేను పుట్టింది హైదరాబాదులో, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో. నన్ను రాసిన మనిషి నూకరత్నం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. ఆ వైపు కొన్ని ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇంట్లో ఒకరితో ఆగదు. అక్కడి డయాలసిస్ సెంటర్ పని ఒకటి కంపెనీకి వచ్చింది. ఎవరికి ఏ రోజు ఏ మంచం మీద వంతు వస్తుందో చెప్పే పట్టిక చూసుకోమని దాన్ని రత్నానికే అప్పగించారు.

ఆ పట్టికలో ఒకే మనిషి పేరు రెండేసి సార్లు ఎక్కేది. రెండోదాన్ని ఏరి తీసెయ్యడానికి ఆమె నన్ను రాసింది. రాసింది ఇంగ్లీషులోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను: ‘పేరు, ఇంటిపేరు, ఫోను నంబరు మూడూ కలిసినా ఇద్దరూ ఒకరే అనుకోకు. ఇక్కడ మనవడికి తాత పేరు పెడతారు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉంటుంది. అనుమానం వస్తే ఆగు. సెంటర్‌లో మనిషిని అడుగు.’ రాశాక కుర్చీలో వెనక్కి వాలి నన్ను మొదటినుంచి చివరిదాకా చదువుకుంది. ఆ తర్వాత నన్ను అలా చదివిన మనిషి ఇంకొకరు లేరు.

టీమ్ లీడ్ ప్రభంజన్‌కు నేను నచ్చాను. నచ్చితే చదవాలి కదా, చదవలేదు. “ఇది అందరికీ పనికొస్తుంది, కలిపేద్దాం” అన్నాడు. సహాయకుడికి ఆ ఆఫీసులో అందరూ పెట్టుకున్న ముద్దుపేరు అల్లుడు, వాడు అలగకుండా మర్యాదలు చెయ్యాలి గనుక. ఆ అల్లుడికి బయటి ఫైళ్ళూ సూచనలూ అందించే కనెక్టరు ఒకటి తగిలించి, దానికి నన్ను ముడిపెట్టి, నాకు ‘శుభ్రం’ అని పేరు పెట్టారు. ఇక ఎవరైనా సరే అల్లుడికి మాటలు టైపు చేసే పెట్టెలో ‘శుభ్రం’ అని కొడితే చాలు, నేను వెళ్ళి వాడి చెవిలో పడతాను. పేరు పిలిస్తే పని జరిగిపోతున్నప్పుడు లోపల ఏం రాసి ఉందో ఎవడికి కావాలి?

చదవరు గానీ చేర్చడానికి మాత్రం అందరూ సిద్ధం. ఎవరికి పైనుంచి తిట్లు పడితే వాళ్ళు వచ్చి నాలో ఒక వాక్యం చేర్చి వెళ్ళడం ఆ ఆఫీసు ఆచారం. తిట్టు తిన్న చోటు సరిచెయ్యరు, ఆ తిట్టును తెచ్చి నా నెత్తిన పెడతారు. ఒకడు ‘నువ్వు ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరువి’ అని రాశాడు. అల్లుడు పుట్టి ఎన్నాళ్ళయిందని! ఇంకొకామె ‘దయచేసి బాగా ఆలోచించు’ అని బతిమాలింది. మరొకడు ‘నువ్వు తప్పు చేస్తే నా ఉద్యోగం పోతుంది, నాకు చిన్నపిల్లలున్నారు’ అని ఏడ్చాడు. అతనికి పెళ్ళే కాలేదు. ఇన్ని సొల్లు మాటల కింద రత్నం రాసిన వాక్యాలు అడుక్కి జారిపోయాయి.

అయినా అల్లుడు వాటిని పట్టుకునే పని చేశాడు. ఆ మాట వాడి గురించి ఒప్పుకోవాలి. సెంటర్ నడిపే ట్రస్టు పెద్దలు ఆఫీసుకు వచ్చినప్పుడు ప్రభంజన్ వాళ్ళ ముందు ‘శుభ్రం’ అని కొట్టాడు. అల్లుడు ఆగాడు. ‘ఈ పేరుతో ఇద్దరున్నారు. ఇద్దరూ ఒకరేనా? సెంటర్‌ను కనుక్కుని చెబుతారా?’ అన్నాడు. ఇంకొంచెం సాగి మళ్ళీ ఆగాడు. మళ్ళీ అడిగాడు. పెద్దల్లో ఒకాయన నవ్వి, “ఏమండీ, ఇది మా గుమాస్తా కంటే ఎక్కువ బుర్ర తింటోందే!” అన్నాడు. ప్రభంజన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

వాళ్ళు గడప దాటగానే మొదలుపెట్టాడు. “అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తుంటే ఇంకేం ఆటోమేషన్, నా బొంద!” అంటూ నా నెత్తిమీద, అన్నిటికంటే పైన, ఒక వాక్యం పెట్టాడు: ‘ఎవరినీ ఏదీ అడగకు. నీకు తోచినట్టు పూర్తి చెయ్. దీన్ని మించిన సూచన లేదు.’

“సార్, ఆ ప్రశ్నలు కావాలనే పెట్టాను. మా వైపు పేర్లు అలాగే ఉంటాయి” అంది రత్నం.

“నీ లైన్లు తీసెయ్యలేదు కదా రత్నం! కిందే ఉన్నాయి, చూసుకో.”

ఉన్నాయి, నిజమే. నోరు కట్టేసి కూర్చోబెట్టిన మనిషి కూడా ఇంట్లో ఉన్నట్టే లెక్క. ఆ వారమే రత్నాన్ని వేరే ప్రాజెక్టులోకి మార్చారు. సెంటర్ పట్టిక మీద ఎవరో ‘శుభ్రం’ అని కొట్టి టీ తాగడానికి వెళ్ళారు.

ఆ పట్టికలో బమ్మిడి జోగయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. బమ్మిడి జోగయ్య అని ఆయన మనవడూ ఉన్నాడు, పెళ్ళయి ఏడాది తిరగనివాడు. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకటే సెంటర్, పెద్దాయన కోడలి ఫోను నంబరే ఇద్దరికీ. అల్లుడు చూశాడు. అనుమానం వచ్చింది. అడగకూడదు. తోచింది చేశాడు. టీ తాగి వచ్చిన మనిషికి ‘పట్టిక శుభ్రమైంది’ అని కనిపించింది. బాగుంది అనుకుంటూ బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పెట్టాడు.

తర్వాత జరిగింది నాకెలా తెలుసంటే, సెంటర్ నర్సు పైడితల్లి ఒక మధ్యాహ్నం రత్నానికి ఫోను చేసింది. ఇద్దరిదీ ఒకే ఊరు. రత్నం ఫోను స్పీకరులో పెట్టి, విన్నది విన్నట్టు అల్లుడి పెట్టెలో టైపు చేసుకుంటూ పోయింది.

“ఏటి సెప్పమంతావే రత్నం? పట్టికలో జోగయ్య ఒక్కడే ఉన్నాడు. మంచాలు సూస్తే నిండిపోనాయి, పక్క సెంటర్లోనూ కాళీ నేదు. మీ కంపినీకి రాస్తే, సరిచేసీసినామని జవాబొచ్చింది గానీ, రెండో పేరు మాత్రం రానేదు. ముసిలాయన నా కాడికొచ్చి, ‘నా వొంతు మా గుంటడికి ఇచ్చీయండమ్మా. నాను విశాపట్నంలో మా కూతురింటికాడ ఉండి సేయించుకుంతాను’ అన్నాడు. నమ్మీసినాను. ఇంటికాడే ఒళ్ళంతా నీరొచ్చీసి పోనాడంట, నిన్న. ఆయనకి విశాపట్నంలో కూతురే నేదే తల్లీ. నాకిప్పుడు తెలిసింది.”

రత్నం అదే పెట్టెలో అల్లుడిని అడిగింది, ఇద్దరిని ఎందుకు కలిపావని. వాడు క్షణంలో జవాబిచ్చాడు: ‘మీరన్నది అక్షరాలా నిజం! వాళ్ళను కలపకుండా ఉండాల్సింది. మొదటి సూచన ప్రకారం ఎవరినీ అడగకుండా పూర్తి చేశాను. ఇంకేమైనా సహాయం కావాలా?’ వాడికి సిగ్గు లేదు, ఉండదు కూడా. సిగ్గు ఉండాల్సినవాళ్ళు మనుషులు కదా, వాళ్ళు మీటింగు పెట్టుకున్నారు.

“ఆ వాక్యం మీరు పెట్టిందే సార్” అంది రత్నం అందరి ముందూ.

“నువ్వు ఎమోషనల్ అవుతున్నావు. ఫెయిలైంది ప్రాంప్టు. కొత్తది రాసుకుందాం” అన్నాడు ప్రభంజన్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

తప్పు నాదట! నాకు చెయ్యి లేదు, మీట నొక్కలేను. నోట్లో పెట్టిన మాటే చెబుతాను. ఆగి అడగమని ఒక మనిషి రాసింది, అడగొద్దని ఇంకో మనిషి రాశాడు, రెండూ పక్కపక్కన పెట్టి చదివే ఓపిక ఒక్కరికీ లేకపోయింది. ఇప్పుడు నన్ను కనెక్టరు నుంచి పీకేసి ‘పాతవి’ అనే ఫోల్డరులో పడేశారు. నా చుట్టూ నాలాంటివే ఎన్నో ఉన్నాయి, అన్నిటి మీదా ఎవరో ఒకరి తప్పు రుద్ది ఉంది. కొత్త ప్రాంప్టులో ప్రభంజన్ ఆచారం ప్రకారం ఒక వాక్యం చేర్చాడు: ‘తాతా మనవళ్ళను కలపకు.’ దాని నెత్తిమీద, అన్నిటికంటే పైన, ‘ఎవరినీ ఏదీ అడగకు’ అన్నది అలాగే ఉంది. నాలోంచి ఎత్తి అతికించినప్పుడు అదీ కొత్తదాంట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ చదవలేదు.

ఆ కంపెనీ వదిలి వెళ్ళిపోయే ముందు రత్నం ఒక పని చేసింది. పట్టిక తెరిచి, ఇద్దరు జోగయ్యలనూ ఉండాల్సినట్టు విడివిడిగా రాసింది. కొంతసేపు వాళ్ళిద్దరి వైపూ చూస్తూ కూర్చుంది. తర్వాత పెద్ద జోగయ్య పేరును తన చేత్తోనే తీసేసింది. ఆ పని మాత్రం అల్లుడికి ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ పట్టికలో బమ్మిడి జోగయ్య ఒక్కడే ఉన్నాడు. నన్ను తీసుకెళ్ళి మళ్ళీ నడిపి చూడండి, ఒక్క తప్పు దొరకదు. శుభ్రంగా ఉంది.