అల్లుడుగారు పీల్చిన గాలి

బల్లలూ కుర్చీలూ చేసే ఆ కార్ఖానా యజమానికి దుమ్మంటే లెక్కలేదు గానీ, దుమ్ము లెక్కలంటే మాత్రం హడలు. అందుకే గాలిలో దుమ్మును కొలిచే అమ్మాయి వచ్చి, చెక్క నునుపు చేసే మిషను పనివాడి నడుముకు గాలి పీల్చే చిన్న పంపు కట్టి, కాలరుకు దుమ్ము పట్టే ఫిల్టరు తగిలించేసరికి ఆయన చూపు పొట్టు లాగే గొట్టం మీదికి పోయింది. అది ఏనాడో చిరిగింది. మార్పించమని పనివాడు దగ్గుతూ అడిగినప్పుడల్లా, చూద్దాంలే అంటూ వచ్చాడు.

అమ్మాయి పక్క షెడ్డుకు వెళ్ళగానే పంపూ ఫిల్టరూ విప్పి అల్లుడికి కట్టాడు. కూర్చోవడానికి కూడా ఆయాసపడే ఆ అల్లుడికి అద్దాల గదిలో ఏసీ కింద ఒక కుర్చీ, మేనేజరన్న పేరు ఇచ్చి చాలా కాలమైంది.

"మీరేం చెయ్యొద్దు అల్లుడుగారూ. రోజూలాగే ఉండండి చాలు."

అల్లుడు తు.చ. తప్పకుండా అలాగే ఉన్నాడు. సాయంత్రం అమ్మాయి వచ్చేలోగా పంపు మళ్ళీ పనివాడి నడుముకు చేరింది.

వారం తర్వాత అమ్మాయి లెక్కతో వచ్చింది. ఫిల్టరు పంతొమ్మిది మిల్లీగ్రాముల బరువు పెరిగిందట. పంపు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున రోజంతా పీల్చిన గాలి ఒక ఘనమీటరుకు కాస్త తక్కువట. బరువును గాలితో భాగిస్తే ఘనమీటరుకు ఇరవై మిల్లీగ్రాములు, ఉండాల్సిన దానికి నాలుగింతలు. అసలు వాడని ఫిల్టరును కూడా తూచి చూశామనీ, దాని బరువు మారలేదనీ, తక్కెడలో తప్పు లేదనీ చెప్పింది.

"అదెలా కుదురుతుందమ్మా? ఆయన రోజంతా ఏసీ గదిలోనే కూర్చున్నాడు కదా," అనేసి యజమాని నాలిక కరుచుకున్నాడు.

"ఎవరండీ ఆయన?" అంది అమ్మాయి.

పక్కనే ఉన్న పనివాడు అందుకున్నాడు.

"అల్లుడుగారు గదిలో ఉండేది పొద్దున ఓ గంటేనండీ. ఆనక మా మిషను వెనక పొట్టు బస్తాల మీద పడుకుంటారు."

"ఆ రొదలో నిద్రెలా పడుతుందిరా?"

"అక్కడైతే మీ కేకలు వినబడవంటండీ."

ఈ సంగతి సాయంత్రానికల్లా ఇంటికి పాకింది. చేసిన మోసం గురించి యజమానిని ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కూతురు మాత్రం తన మొగుడి ఊపిరితిత్తుల్లో కుర్చీలు చేయిస్తున్నావా అని ఏడ్చింది. భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కొత్త గొట్టం వచ్చింది.

అమ్మాయి ఈసారి పనివాడికే పంపు కట్టి, షిఫ్టు అయ్యేదాకా కదలకుండా పక్కనే నిలబడింది. లెక్క పరిమితికి లోపలే తేలింది. యజమాని ఆ కాగితం పట్టుకుని, పనివాళ్ళ ఆరోగ్యం తనకు ప్రాణంతో సమానమని అందరికీ చెప్పుకున్నాడు.

పనివాడు మాత్రం ఓ పొద్దున అద్దాల గదికి వెళ్ళి, అల్లుడికి దణ్ణం పెట్టి వచ్చాడు. ఎందుకో అల్లుడికి అర్థం కాలేదు.