గంజి పెట్టిన కారు టాపు

టాటీబంధ్ కూడలి దాటాక లారీలకు టార్పాలిన్లు కుట్టే షెడ్డు ఒకటుంది. అక్కడ బల్ల దగ్గర నిలబడి కొలిచి గుడ్డ కోసేవాడు మిస్త్రీ. నేల మీద చాప వేసుకుని అంచులు కుట్టేది ఆడది. ఇరవై రెండేళ్లుగా వరహాలమ్మ ఆ చాప మీదే ఉంది. ఈలోగా బల్ల దగ్గరికి ముగ్గురు మగాళ్లు వచ్చారు. కొలత తప్పినప్పుడల్లా దిద్దింది ఆవిడే, మిస్త్రీ అనిపించుకుంది వాళ్లు. ఇదెక్కడి న్యాయమని ఎవరూ అడగలేదు. అడగాల్సింది తానేనని తెలియడానికి ఆవిడకీ ఇన్నేళ్లు పట్టింది.

మూడో మిస్త్రీ కోటయ్య ఉర్లాలో ఫ్యాక్టరీ పని దొరికి వెళ్లిపోయాడు. మర్నాడే వరహాలమ్మ షెడ్డు యజమాని ధనుంజయ్ ముందు నిలబడి, ఇక ఆ బల్ల నాదంది. ధనుంజయ్ నవ్వాడు. ఆడమనిషి కొలిచిందంటే లారీ డ్రైవర్లు నమ్మరన్నాడు. ఆవిడ కదల్లేదు. వదిలించుకోడానికి ఒక పందెం పెట్టాడు.

“సర్లే అత్తా. భీమారావుగారి కారు వచ్చింది కదా, దాని టాపు ఆదివారానికి కొత్తదానిలా చేసి చూపించు. అయితే బల్ల నీది. కాకపోతే మళ్లీ ఆ మాట ఎత్తొద్దు. పక్కా?”

“పక్కా,” అంది వరహాలమ్మ.

భీమారావు రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. తుక్కులో పడున్న పాత హెరాల్డ్ కారు కొని ఇంజను తనే బాగుచేసుకున్నాడు. దాని కప్పు రేకు కాదు, దళసరి నల్ల నూలు గుడ్డ. కావాలంటే వెనక్కి మడిచేయొచ్చు. వానాకాలమంతా చెట్టు కింద ఉండి ఆ గుడ్డ పచ్చగా నాచు పట్టింది, తెల్లగా బూజు మచ్చలేసింది. ఆదివారం తెలీబంధా చెరువు చుట్టూ పాత కార్ల ఊరేగింపు. భీమారావు భార్య పార్వతమ్మ మాత్రం, ఆ వాసనలో కూర్చునేకంటే ఆటోలో వెనకాలే వస్తానని తేల్చి చెప్పేసిందట.

లారీ గుడ్డలకు వాడే కాస్టిక్ సోడా కొట్టేయమన్నాడు ధనుంజయ్. అది దారాన్ని తినేస్తుందని వరహాలమ్మ డబ్బా అవతల పెట్టేసింది. ముందు నీళ్లు తగలనివ్వకుండా మెత్తటి బ్రష్షుతో దుమ్మంతా దులిపింది. కుంకుడుకాయ పులుసు తీసి, నేత ఎటుంటే అటే మెల్లగా రుద్దింది. బూజు మచ్చల మీద వెనిగర్ కలిపిన నీళ్లు అద్ది, గంట ఆగి కడిగింది. వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, పసుపు తిరిగిపోయింది; దాన్ని పళ్ల పేస్టుతో తోమితే అవతల మనిషి కనబడ్డాడు. చివికిన కుట్లు విప్పి మళ్లీ వేసింది. మూడు రోజుల పని. మనిషి వంగి చేసే పనిని చిన్న పని అనేవాళ్లు ఒక్క పూట వంగి చూడాలి.

శుక్రవారం సాయంత్రానికి టాపు నల్లగా, శుభ్రంగా తేలింది. కానీ తడికి కాస్త వేలాడుతోంది. అక్కడే ఆవిడ కొంప ముంచుకుంది. ఉతికిన నూలు గుడ్డని గంజి పెట్టకుండా ఆరేసిన రోజు వరహాలమ్మ జీవితంలో లేదు. చీరైనా, మొగుడి పంచైనా, దుప్పటైనా అంతే. షెడ్డు వెనక అన్నం వార్చిన గంజి సిద్ధంగా ఉంది. చెయ్యి దానంతటదే పోయింది.

శనివారం పొద్దున టాపు డోలు తోలులా బిగిసి నిలబడింది. షెడ్డు జనమంతా వచ్చి వేలితో కొట్టి మరీ చూశారు. భీమారావు మురిసిపోయి వెనక్కి మడవబోయాడు. పటపటమంది. ఎక్కడ మడత పడితే అక్కడ తెల్లటి గీత. కంగారుగా మళ్లీ వేసేసి, తేరుకోడానికి అందరూ టీకి వెళ్లారు. వచ్చేసరికి రోడ్డు మీది ఆవు ఒకటి టాపుని కళ్లు మూసుకుని నాకుతోంది. దాని వెనక ఇంకొకటి వంతు కోసం నిలబడింది.

షెడ్డంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. వరహాలమ్మకీ నవ్వాగలేదు. ఆవుల్ని తోలేశాక ధనుంజయ్ తీరిగ్గా మొదలెట్టాడు. ఇందుకే బల్ల వద్దన్నానన్నాడు. చీరకీ కారుకీ తేడా తెలియని మనిషి మిస్త్రీ ఎలా అవుతుందన్నాడు. వరహాలమ్మ చేతులు తుడుచుకుని ఎదురుగా వచ్చింది.

“గంజెట్టింది నానే. తప్పు నాదే. కోటయ్య కోత తప్పితే గుడ్డ మంచిది కాదనీవోడు, నువ్వు ఊ కొట్టీవోడివి. నాను ఆ మాట అన్ను. రేపు పొద్దున్న దాకా టైముంది. గడువెట్టింది నువ్వే కదేటి?”

సరే, పొద్దున్నే వచ్చి చూస్తానన్నాడు ధనుంజయ్. కావాలంటే సాయానికి తన పాత వర్క్‌షాపు మనుషుల్ని పంపుతానన్నాడు భీమారావు. ఒక్క మనిషీ వద్దంది వరహాలమ్మ.

గోరువెచ్చటి నీళ్లు, స్పాంజి, ఓపిక. నొక్కి పీల్చి, పిండి, మళ్లీ నొక్కింది. ఐదు విడతలు కడిగాక వేలికి జిగురు తగలడం ఆగింది. మధ్యాహ్నం గాలికి గుడ్డ పొడిబారింది. టార్పాలిన్లకు పూసే మైనం ఆవిడకి తెలుసు. కానీ లారీకి పూసినంత మందంగా పూస్తే ఇది మడత పడదు. అందుకని మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి, టర్పెంటైన్ కలిపి పల్చన చేసి, పాత బనీను ముక్కతో పొర కనబడనంత పల్చగా రాసింది. మూలన ఒకచోట ముందు రాసి, మడిచి చూసుకున్నాకే మిగతాది రాసింది. తప్పు చేసినవాళ్లకి ఉండే జాగ్రత్త అది.

ఆదివారం పొద్దున ఊరేగింపు చూడాలని ధనుంజయ్ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటూ వేసుకుని వచ్చాడు. వరహాలమ్మ కారు తలుపు తీసింది.

“లోపల కూకో బాబూ.”

“నేనెందుకత్తా?”

“పందెం నీది. తడిసేదీ నువ్వే అవ్వాల.”

చుట్టూ జనం చేరిపోయారు. తప్పించుకునే దారిలేక ఎక్కి కూర్చున్నాడు. వరహాలమ్మ లారీలు కడిగే గొట్టం అందుకుని నీళ్లు వదిలింది. కప్పు మీద ఊరికే పోయలేదు. కుట్టు కుట్టునా గొట్టం ఆనించి మరీ పోసింది, వెనక కిటికీ చుట్టూ ఇంకాస్త ఎక్కువసేపు. నీళ్లు ముత్యాల్లా దొర్లి కింద పడుతున్నాయి. లోపల ధనుంజయ్ అరచేత్తో కప్పంతా తడుముతున్నాడు. ఎక్కడైనా ఒక్క చుక్క దొరక్కపోతుందా అని వెతుకుతున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

గొట్టం ఆగింది. ధనుంజయ్ దిగాడు. చొక్కా ఇస్త్రీ కూడా చెదరలేదు. భీమారావు టాపు వెనక్కి తోశాడు. చప్పుడు లేకుండా మడత పడింది. పార్వతమ్మ గుడ్డకి ముక్కు ఆనించి వాసన చూసి, ముందు సీట్లో కూర్చుంది. వరహాలమ్మని కూడా రమ్మన్నారు. పని ఉందంది.

నిజంగానే ఉంది. బిలాస్‌పూర్ వెళ్లాల్సిన లారీ డ్రైవరు గుమ్మంలో నిలబడి, కొత్త టార్పాలిన్ కావాలి, మిస్త్రీ ఎవరని అడుగుతున్నాడు. ధనుంజయ్ షెడ్డంతా వినేలా, వరహాలమ్మ మిస్త్రీ ఉందిగా అన్నాడు.

ఆవిడ అప్పటికే టేపు పట్టుకుని లారీ ఎక్కేసింది.

“ఆ చివర పట్టుకో ధనుంజయా,” అంది పైనుంచి. “గట్టిగా పట్టు. వదిలేత్తే కొలత పోద్ది.”