ఎడమచేతి గాలి

పక్కింటి శ్యామలమ్మ తర్లుపాడు ఆటోలో నలుగురి ముందర చెప్పిందట, లక్ష్మీదేవమ్మ చచ్చిపోయి నెల తిరక్కముందే ఇంటికొచ్చి కూర్చుందని. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కిటికీలోంచి చూస్తే కోడలు స్వర్ణలత బండల మీద వెల్లకిలా పడుకొని ఉందట. పక్కన మనిషన్నది లేదట. వేపాకు కదలని ఆ ఎండలో ఆమె ముంగురులు మాత్రం లేచి పడుతున్నాయట.

ఈ మాట స్వర్ణలత చెవిన వేసింది, నల్లమల నుంచి దిగొచ్చి చీపుళ్ళూ విసనకర్రలూ అమ్ముకునే దాసమ్మ. నెత్తిమీది గంప కూడా దించకుండా, "నిజమేనా తల్లీ?" అంది.

"శ్యామలమ్మత్తకు మా కిటికీలో ఏం పనంట?" అని స్వర్ణలత చీపురుకట్ట విప్పి చూసుకుంది. కాదని మాత్రం అనలేదు.

ఎట్లా అంటుంది? తొమ్మిదేళ్ళ కిందట పక్షవాతంతో అత్తకు కుడిపక్క పడిపోయింది. తిరిగే ఫ్యాను కింద పడుకుంటే తలలో పురుగు తొలిచినట్టుందని ఏడ్చేది. అప్పట్నుంచి తొమ్మిది ఎండాకాలాలు తాటాకు విసనకర్ర మీద నీళ్ళు చిలకరించి స్వర్ణలతే విసిరింది. చెయ్యి మార్చుకుంటూ, కునుకుతో తల వాలిపోతున్నా చెయ్యి ఆపకుండా. మొగుడు శ్రీకాంత్ చేనికాడ నుంచి వచ్చి తువ్వాలు దులుపుకుంటూ "నీడపట్టున కూర్చోని విసిరేదానికేంది, అదీ ఒక పనేనా" అనేవాడు. గిద్దలూరు నుంచి ఆడబిడ్డ ఇందిరమ్మ వీడియోకాలు చేసేది. "ఫోను ఇట్ల తిప్పు స్వర్ణా, విసిరేది కనపడాల" అనేది. కనపడేదాకా ఫోను పెట్టేది కాదు. అప్పుడు ఒక చేత్తో ఫోనూ, ఒక చేత్తో విసనకర్రా. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోను మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు.

అత్తకు మాట ముద్దగా వచ్చేది. అయినా చెప్పేది. ఊరికి కరెంటు రాని రోజుల్లో, కడుపుతో ఉండి, భోజనాల బంతి లేచేదాకా నిలబడి విసిరిందట. పొయ్యి రాజేసినా ఆ కర్రే. పురుటి బిడ్డ మీద దోమ వాలకుండా ఆ కర్రే. మామ చచ్చిపోయి అరుగు మీద ఉంటే ఈగ వాలకుండా తెల్లారిందాకా ఆ కర్రే. "మరి నీకెవరు విసిరినారత్తా?" అని ఒకసారి స్వర్ణలత అడిగింది. లక్ష్మీదేవమ్మ ఇంకో మాటలోకి పోయింది.

పోయిన ఏప్రిల్లో, స్వర్ణలత మంచం కోడుకు తల ఆనించి నిద్రపోయింది. చల్లగా ఏదో తగిలి మెలకువొచ్చింది. అత్త పనిచేసే ఎడమచేత్తో, వణుకుతూ, తనకు విసురుతోంది. ఎనిమిది విసుర్లు. కర్ర కొస బండకు ఆనించి కాస్త ఊపిరి. మళ్ళీ ఎనిమిది. పుట్టి బుద్ధెరిగాక తనకు ఒకరు విసరడం అదే మొదలు. కళ్ళు తెరిస్తే ఆగిపోతుందేమోనని మూసుకునే ఉంది. అంతలో గడపలో శ్రీకాంత్ కేక. "మంచాన పడిన ముసల్దాని చేత విసిరించుకుంటాండావా! సిగ్గుండాల్నా?" అత్త చేతిలోంచి కర్ర జారింది. మళ్ళీ పట్టలేదు. మే మొదట్లో కన్నుమూసింది.

కర్మలు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం స్వర్ణలతకు చెయ్యవలసింది ఏమీ లేకపోయింది. కరెంటు పోయింది. బండల మీద వాలింది. ఎడమపక్క నుంచి గాలి. ఎనిమిది విసుర్లు, బండ మీద టక్కున చప్పుడు, మళ్ళీ ఎనిమిది. కళ్ళు తెరిచి చూస్తే విసనకర్ర మేకుకు వేలాడుతూనే ఉంది. లేచి ముట్టుకుంటే ఆకు తడిగా ఉంది. పిడి మనిషి చేతిలోంచి అప్పుడే తీసినట్టు వెచ్చగా ఉంది. "అత్తా?" అంది. వచ్చి మళ్ళీ పడుకుంది. గాలి మొదలైంది. నాలుగో రోజుకు "కొంచెం మెడకాడ" అని అడగడం కూడా నేర్చుకుంది.

దాసమ్మ వచ్చిపోయిన మూడోనాటికి సంగతి గిద్దలూరు చేరింది. ఇందిరమ్మ రాచర్ల పోయి, అంత్రాలూ తాయెత్తులూ కట్టే ఓబులయ్యను అడిగి, అక్కణ్ణుంచి నేరుగా పుట్టింట్లో దిగింది. "అమ్మకేదో పని మిగిలిపోయిందంట. అది తీరిందాకా పోదంట. ఆమె చెయ్యి పట్టిన కర్ర గుండ్లకమ్మ ఏట్లో కలపాలంట. పదకొండోనాడు విసనకర్ర దానమియ్యమంటే ప్లాస్టిక్‌ది ఇచ్చిరి, అమ్మ దాంతో ఏం విసురుకుంటది!"

ప్లాస్టిక్‌ది మార్కాపురంలో కొనుక్కొచ్చింది శ్రీకాంతే. అతను తల దించుకొని మేకు వైపు నడిచాడు.

అప్పుడే కరెంటు పోయింది. ఇల్లంతా ఉడికిపోతుంటే ఇందిరమ్మ పైటతో విసురుకుంటోంది. స్వర్ణలత ఒక్కదాని ముంగురులు లేచాయి. పడ్డాయి. లేచాయి. బండ మీద టక్కుమంది. శ్రీకాంత్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"చూసినావా, చూసినావా!" ఇందిరమ్మ గోడకు అతుక్కుపోయింది. "మా అమ్మకు ముక్తి వద్దా? నీ సుఖం కోసరం ఆమెను ఇట్ల పట్టుకోని ఉంటావా?"

శ్రీకాంత్, "కర్ర నువ్వే తీసియ్యి స్వర్ణా. అమ్మను పోనీ" అన్నాడు.

స్వర్ణలత మేకు మీంచి విసనకర్ర తీసింది. పిడి వాళ్ళ వైపు ఉండేట్టు పట్టుకుంది.

"పోతాదిలే. ఆమె చేసే పని మీరు చేయండి. రోజూ మధ్యాహ్నం నా పక్కన కూర్చోని, నేను నిద్రపోయిందాకా విసరండి. మీ ఇద్దరిలో ఎవరు?"