మరిది టైపు చేసిన మాటలు

ఎల్లారెడ్డిలోని ఆ ఇంటికి కంప్యూటర్ వచ్చింది 2009లో, పర్శరాములు మస్కట్ పోయిన ఏడాది. ఎడారి నడుమ క్యాంపులో అతనికి ఫోను కలిసేది కాదు. శుక్రవారం నాడు ఆఫీసు గదిలో అరగంట సేపు కంప్యూటర్ ఇచ్చేవారు. ఇక్కడ అతని భార్య సాయిలతకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆమె చెబుతుంటే మరిది రాజలింగం మెసెంజర్‌లో టైపు చేసేవాడు. అటునుంచి వచ్చింది చదివి వినిపించేవాడు.

నాలుగేళ్లు గడిచాయి. పర్శరాములు తిరిగొచ్చి ట్రాక్టర్ నడుపుకుంటున్నాడు. సాయిలత కామారెడ్డికి బస్సులో పోయొస్తూ టైపింగ్ నేర్చుకుని, ఇంట్లోనే ఊరివాళ్లకు దరఖాస్తులు టైపు చేసి ఇస్తోంది. కంప్యూటరే బాగా నెమ్మదించింది. ఒక్కో పేజీ తెరుచుకునేసరికి పొయ్యి మీద చాయ్ మరిగిపోతోంది.

"ఆ మెసెంజర్ బందైందంట. ఉత్తగ జాగ తింటున్నది, తీసెయ్‌రాదూ" అన్నాడు ఒక పొద్దున పర్శరాములు.

అతను పనికి పోయాక సాయిలత తీసెయ్యబోయింది. దాచి ఉన్న పాత మాటలు కూడా చెరిపేయాలా అని అడిగింది కంప్యూటర్. ఏం మాటలో చూద్దామని ఆమె ఆ ఫైలు తెరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఇప్పుడు ఆమెకు చదవడం వచ్చు.

2009 ఆగస్టు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏడో నెలలోనే పుట్టిన కొడుకు మూడు రోజులకు పోయిన వారం అది. ఆనాడు ఈ కుర్చీ పక్కనే గోడకు ఆనుకుని నిలబడి, "ఒక్కసారి రమ్మను. నాకు బతుకబుద్ధి అయితలేదు" అని చెప్పింది. రాజలింగం టైపు చేసింది వేరు.

"బాబు పోయిండు. వదినె మంచిగనే ఉన్నది. నిన్ను రావద్దంటున్నది."

కింద పర్శరాములు జవాబు: "సాబ్ పదిహేను రోజులు సెలవిస్తనన్నడు. వస్త. ఆమెను ఇంకోసారి అడుగు."

"అడిగిన. నీ మొఖం చూడనంటున్నది."

ఆ రోజు రాజలింగం తల తిప్పకుండానే, "అన్నకు సెలవు దొరకలేదంట వదినె" అన్నాడు. ఆ మాట నమ్మి, ఏడాది తరువాత భర్త వచ్చినప్పుడు ఆమె నెల రోజులు అతనితో మాట్లాడలేదు. అతనూ ఏమీ అడగలేదు. అప్పటి నుంచీ ఇద్దరూ ఒకే కప్పు కింద పొరుగువాళ్లలా బతికారు.

సాయంత్రం అతన్ని కూర్చోబెట్టి చూపించింది. పర్శరాములు పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"నువ్వే రావద్దన్నవనుకున్న" అన్నాడు.

"నువ్వే రాలేదనుకున్న నేను."

ఆదివారం రాజలింగం కామారెడ్డి నుంచి భోజనానికి వచ్చాడు. అన్న ఇప్పించిన వీసా మీద తనూ మస్కట్ పోయొచ్చి, కామారెడ్డిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. తల్లి ఎంకవ్వ వడ్డిస్తుంటే సాయిలత ఆ పాత మాటల ప్రింటు అతని పళ్లెం పక్కన పెట్టింది. అతను చూసి ముద్ద కిందికి దించాడు.

"అన్న నడుమల వస్తే కంపెనీ మల్ల తీసుకోదన్నరు. నా వీసా గూడ అన్న చేతులనే ఉండె. గిప్పుడు అవన్ని ఎందుకు వదినె?"

"పిల్లగాడు ఎట్లన్న పోయిండాయె. వీడొచ్చి ఏం జేస్తుండె?" అంది ఎంకవ్వ.

"వచ్చి నా పక్కన కూసుంటుండె" అంది సాయిలత.

పర్శరాములు గొంతు సవరించుకున్నాడు. "తమ్ముడు అప్పటికి చిన్నోడు..."

"నాకు గూడ ఇరవై రెండే."

రాజలింగం పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. కోడలు తన చిన్న కొడుకును ఇంటికి కాకుండా చేసిందని ఎంకవ్వ వాడకట్టంతా చెప్పుకుంది. విన్నవాళ్లంతా నిజమేనన్నారు. సాయిలత మెసెంజర్‌ను, అందులో దాగిన మాటలను కలిపి తీసేసి, ఆగిపోయిన దరఖాస్తులు పూర్తి చేసింది.

వారం తరువాత పర్శరాములు ట్రాక్టర్ కడుగుతూ, నీళ్లు తెచ్చిన ఆమెను అడిగాడు.

"బాబు... ఎవల లెక్కుండె?"

చెవులు అచ్చం అతనివే. కుడి చెవి అంచు కొంచెం ముడుచుకుని ఉండేది. వేళ్లు పొడుగు.

"యాదికి లేదు" అని సాయిలత బకెట్ అక్కడ పెట్టి లోపలికి పోయింది.